సరుకు లేని ప్రయాణం

ముప్పై ఏళ్లు మోసింది యూడోరా.
సిమెంటు, ఉల్లిపాయలు, గ్యాసుబండలు,
ఒకసారి ఓ పెళ్లికూతుర్నీ, ఆమె బీరువానీ,
ఇంకోసారి, మీలోనే ఉంచుకోండి,
నూట పన్నెండు పెట్టెల విస్కీని.

ఈసారి ఏమీ లేదు.
"ఊరికే తిరిగొద్దాం" అన్నాడు కత్‌బర్ట్,
ఇక తాడు లాగొద్దని డాక్టరు చెప్పిన మర్నాడు.
ఊరికే అన్న మాట
మా నలుగురిలో ఎవరి నోటా
అంతకుముందు విన్న గుర్తు లేదు.

కారియాకూ దీవిలో, విండ్‌వర్డ్ ఒడ్డున
దీన్ని కడుతున్నప్పుడు మేకులు అందించాను నేను.
చంద్రుడు లేని రాత్రుల్లో నరికిన తెల్ల సీడరు.
వంకర కొమ్మల్నే ఏరి ఏరి పక్కటెముకలు చేశారు.
తిన్నటి చెట్టు పడవకి పనికిరాదనేవాడు
అల్విన్ వాళ్ల నాన్న,
మా ముఖాలు ఒక్కొక్కటీ చూస్తూ.

తెల్లారకుండానే చాప ఎత్తాం.
తూర్పుగాలి వేళకే పనిలోకి వచ్చింది.
యూడోరాకే కుదురు లేదు.
కడుపు ఖాళీ.
చిన్న అలకీ తుళ్లిపడింది,
రిటైరైన తొలివారం ఇల్లంతా కలియదిరిగే మనిషిలా
ఇటొరిగి, అటొరిగి,
ఏ గిన్నె ఎక్కడుందో తెలియక.

చివరికి పెటిట్ మార్టినిక్‌లో ఆగి
నలభై రాళ్లు మోసుకొచ్చి అడుగున పేర్చాం.
జెట్టీ మీద బడి ఎగ్గొట్టిన పిల్లలు.
"రాళ్లు ఎక్కడికి పంపిస్తున్నారు?"
"షికారుకి" అంది థెక్లా.

థెక్లాకి ఈత రాదు.
నలభై ఏళ్లుగా చుక్కాని ఆమెదే.
ఎవరైనా ఆశ్చర్యపోతే అంటుంది:
ఈత వచ్చినవాడు
పడవని తొందరగా వదిలేస్తాడు.

యూనియన్ దీవి దాటాక
నీలం పలచబడి, పలచబడి,
కింద ఇసుక మీద మా నీడ మాతో పాటే నడిచింది.
ఇన్నేళ్లూ ఇదే దారి.
ఆ నీడని ఇప్పుడే చూశాను.
తాబేలొకటి తల పైకెత్తి, ఊపిరి తీసుకుని,
అప్పున్న బంధువులా
మమ్మల్ని చూసి చూడనట్టు మునిగిపోయింది.

పక్కగా తెల్లటి అద్దెపడవ వెళ్లింది.
గ్లాసుల్లో ఐసు, నీళ్లలో కాళ్లు.
చేతులూపారు. ఊపాం.
అల్విన్ కూడా కాళ్లు నీళ్లలో పెట్టి కూర్చున్నాడు,
రెండు నిమిషాలు.
తర్వాత లేచి వెళ్లి
నీరు లేని అడుగుని
పంపుతో తోడడం మొదలుపెట్టాడు.

రాత్రి లంగరు వేసి
బ్రెడ్‌ఫ్రూట్ నిప్పుల మీద కాల్చాం,
ఉప్పుచేపతో తిన్నాం.
విస్కీ కథ కత్‌బర్ట్ మళ్లీ చెప్పాడు,
ఈసారి పెట్టెలు నూట యాభై అయ్యాయి.
నవ్వి నవ్వి ఆగాక
లాంతరు దగ్గర అరచేతులు తిప్పి చూసుకున్నాడు.
"ఈ కాయలు మెత్తబడిపోతాయంటారా?"

అల్విన్ ముల్లు తీసుకుంటున్నాడు.
థెక్లా లాంతరు వత్తి తగ్గించింది.
కింద ఎక్కడో
గొలుసు ఇసుకలో ఒకసారి పక్కకి తిరిగింది.

పొద్దున్న మైరో జెట్టీ దగ్గర
మంచినీళ్లు పట్టుకుంటుంటే
కొండ మీంచి దిగొచ్చింది ఓ ముసలావిడ, ఇగ్నేషియా.
వెనకాల మనవడి నెత్తిన
దుప్పట్లో చుట్టిన కుట్టుమిషను.
"బెక్వే వెళ్తున్నారా?
మా కోడలికి పంపాలి."

మేం వెళ్లడం లేదు.
మధ్యాహ్నానికల్లా ఇంటిదారి పట్టాలనుకున్నాం.
బెక్వే అంటే ఎదురుగాలిలో ఒక పూట.

"వెళ్తున్నాం"
నలుగురి గొంతులూ ఒక్కసారే.

కిరాయి ఎంతంటే ఆరు మామిడిపళ్ల దగ్గర తెగింది.
అందులో ఒకటి పచ్చిది.
దాని గురించి థెక్లా గట్టిగానే పోట్లాడింది,
ఎంత హాయిగా పోట్లాడిందో!

తర్వాత అడుక్కి దిగి
నలభై రాళ్లలో ఒకదాన్ని ఎత్తుకొచ్చి
నీళ్లలోకి వదిలింది.
బరువు సరిచూడాలిగా మరి.

కత్‌బర్ట్ మోకాలు చాపుకుని కూర్చుని
మిషన్ని కొయ్యకి బిగిస్తున్నాడు,
ఒక చుట్టు, ఇంకో చుట్టు, పళ్లతో పట్టి ముడి.
నేను చూస్తున్నానని తెలిసి
తలెత్తకుండానే అన్నాడు:

"కట్టడం వేరు,
లాగడం వేరు."